‘లాకుల దగ్గర దిగాడు’: ఎక్కడ దిగినట్టు?

పాత కథల్లో ‘బందరు లాకుల దగ్గర దిగాడు’ అని వస్తే ఏమని అర్థం చేసుకోవాలి, లాక్ అంటే తాళం కదా అని మొన్న ఒక చెల్లి అడిగింది. సరిగ్గా ఆ వారమే ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక పాత కథ పట్టుకుని, అందులో మనిషి బెజవాడలో నడిచిన దారినే నడిచాను. అక్కడి బందరు కాలవ మీది లాకుల నుంచి గవర్నరుపేట మీదుగా రైల్వే స్టేషన్ దాకా.

ఈ లాకు తాళం కాదమ్మా. కాలవకి అడ్డంగా రెండు జతల తలుపులు, మధ్యలో పడవ పట్టేంత తొట్టి. బందరు వైపు నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి చేరగానే వెనక తలుపులు మూసి, ఎగువ నీళ్ళు లోపలికి వదిలేవారు. నీళ్ళతో పాటు పడవా మెల్లగా పైకి లేచేది. రెండు వైపులా మట్టం సమానమయ్యాకే ముందు తలుపులు తెరిచేవారు. తూము వేరు, లాకు వేరు. తూము నీళ్ళని వదులుతుంది, లాకు పడవని దాటిస్తుంది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవలతో పాటే ఈ ఇంగ్లిషు మాటా మన నోట్లో పడి ‘లాకు’ అయింది. ఇంగ్లిషువాళ్ళేమో ఆనకట్టకి తమిళుల ‘అణైక్కట్టు’ని ‘ఆనికట్’ అని పట్టుకెళ్ళారు.

కాబట్టి ఆ వాక్యంలో అతను దిగింది బస్సు కాదు, పడవ. ఇది తెలిస్తే కథే మారిపోతుంది. మేం పట్టుకెళ్ళిన కథలో ముక్కూమొహం తెలియని ఇద్దరు లాకుల దగ్గరే మాట కలుపుతారు. ఇంట్లో చదివినప్పుడు రచయిత తన అవసరానికి కలిపాడనుకున్నాను. అక్కడ నిలబడి, పాచి పట్టిన రాతి గోడ మీద నీటి గీత చూస్తుంటే తెలిసింది: తొట్టి నిండేదాకా పడవలో ఎవరైనా కూర్చోవాల్సిందే. ఇక మాట్లాడుకోక ఏం చేస్తారు!

పడవలు పోయాయి. కట్ట మీద బళ్ళ రొదలో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. అయినా ఆటో అబ్బాయిని ‘లాకులకి వస్తావా’ అంటే మారు ప్రశ్న లేకుండా తీసుకెళ్ళాడు. మహాత్మాగాంధీ రోడ్డు అని బోర్డులున్నా జనం నోట బందరు రోడ్డే అయినట్టు, ఈ పేరూ నిలిచింది.

ఇది చదివేవాళ్ళలో దుగ్గిరాల లాకుల వైపు వాళ్ళు చాలామంది ఉన్నారుగా. పడవ ‘లాకు ఎక్కింది’ అనేవారా, ‘లాకు దాటింది’ అనేవారా? ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, వాళ్ళు అన్నది అన్నట్టే రాయండి.