పిల్ల చెప్పేది వినే దుబాసీ ఊరి మనిషి కావాలా, బయటి మనిషి కావాలా?

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. లైంగిక వేధింపుకు గురైన పిల్లలను తీసుకొచ్చే ఒక సెంటర్‌కి, పిలిచినప్పుడల్లా తెలుగు–ఒడియా దుబాసీగా వెళ్తుంటాను. ఇకమీదట ఆ టౌనుకి చెందిన దుబాసీలను పిలవకూడదని, గుట్టు బయటికి పోకుండా వేరే జిల్లా నుంచే రప్పించాలని అక్కడ ఒక మాట నడుస్తోంది. ఉద్దేశం మంచిదే. కానీ నాకిది తప్పనిపిస్తోంది.

ఒక్క మాట చూడండి. ఇది ఏ పిల్ల సంగతీ కాదు, మా ఇళ్లల్లో రోజూ వినిపించే మాట. మా వైపు "మా బాబు" అంటే నాన్న. వేరే జిల్లాల తెలుగువాళ్లకి బాబు అంటే చిన్న మగపిల్లాడు. ఒడియాలో బాబు అంటే సారు, ఆఫీసరు. ఒక పిల్ల భయంతో "బాబు" అని ఆగిపోతే, రాసుకునే మనిషిని బట్టి నింద ముగ్గురిలో ఎవరి మీదికైనా పోతుంది. "అప్ప ఇంటికాడ" అంటే మాకు అక్కగారి ఇంట్లో అని. ఇంకో ప్రాంతం మనిషి నాన్న ఇంట్లో అని రాసేస్తే? కాగితం మీదికి ఎక్కాక, కోర్టులో "అప్పుడలా చెప్పావు, ఇప్పుడిలా చెప్తున్నావు" అని ఆ పిల్లనే నిలదీస్తారు.

పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టం 19వ సెక్షన్‌లోనే ఉంది, పిల్లకి అర్థం కాని భాషలో రాస్తుంటే దుబాసీని ఇవ్వాలని. తెలుగు వచ్చినంత మాత్రాన మా తెలుగు వచ్చినట్టు కాదు. మీరేమంటారు?

బరంపురం అడ్వొకేట్:
అమ్మా, మీ "బాబు" ఉదాహరణ నా మనసులో నిలిచిపోయింది, కాదనను. అయినా నేను బయటి మనిషి వైపే.

ఒక కుటుంబం నా దగ్గరికి రెండుసార్లు వచ్చి ఆగిపోయింది. చాలా రోజుల తర్వాత కారణం తెలిసింది. సెంటర్‌లో కూర్చున్న దుబాసీది తన ఆడపడుచు వాళ్ల వీధేనని ఆ తల్లి గుర్తుపట్టింది. ఆ దుబాసీ ఎవరికీ ఒక్క ముక్క చెప్పి ఉండదు, నేను నమ్ముతాను. కానీ తర్వాత కూరగాయల దగ్గర ఎదురుపడితే చాలు, ఆ తల్లికి తలెత్తబుద్ధి కాదు. మన టౌన్లు ఎంతుంటాయి? రథయాత్ర రోజు అందరూ ఒకే వీధిలో ఉంటారు.

2020 పోక్సో రూల్స్ దుబాసీ మీద గోప్యత బాధ్యత పెట్టాయి. రెండు వైపుల్లో ఎవరితోనైనా సంబంధం ఉంటే ముందే చెప్పాలన్నాయి. మంచిదే. కానీ ఇలాంటి కేసుల్లో చేసినవాడు ఎక్కువగా పిల్లకి తెలిసినవాడే. బంధువో, పక్కింటివాడో, ట్యూషన్ చెప్పేవాడో. అలాంటప్పుడు ఊరి దుబాసీ ఏదో ఒక చుట్టరికంలో ఉండనే ఉంటుంది. నిందితుడి పేరు పిల్ల నోటి నుంచి వచ్చేదాకా ఆ సంబంధం దుబాసీకే తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

సిరొంచ మాస్టారు:
నేను ఒడ్డు అవతలివాణ్ణి, గోదావరికి ఈ పక్క, మహారాష్ట్ర. ఎదురుగా కాళేశ్వరం. మా దగ్గర బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, లోపలి ఊళ్లలో గోండి, మాడియా. జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. బయటి మనిషి అంటే మాకు ఒక రోజు ఎదురుచూపు. వానాకాలంలో రోడ్డు తెగితే ఎంతో చెప్పలేను.

లాయరుగారు చెప్పిన భయం నిజమే. కానీ అప్పటిదాకా ఆ పిల్ల ఎక్కడ కూర్చోవాలి? ఎవరి పక్కన? ఎవరూ తన భాష మాట్లాడని గదిలో ఒక రాత్రి గడపడం పెద్దవాళ్లకే కష్టం.

వీడియో కాల్‌లో పెట్టొచ్చు కదా అని మా దగ్గర ఒకరు అడిగారు. సిగ్నల్ మాట పక్కన పెట్టండి. ఎనిమిదేళ్ల పిల్ల ఫోన్‌లో కనిపించే ముఖానికి ఆ మాటలు చెప్తుందా?

గుణుపురం నర్సు:
నేను ఆసుపత్రి వైపు నుంచి మాట్లాడతాను. మీరంతా ఎవరు వినాలని అడుగుతున్నారు. ఎన్నిసార్లు వినాలని ఎవరూ అడగడం లేదు.

పిల్ల వచ్చిన రోజు ఏమవుతుందో చెప్తాను. గేటు దగ్గర ఎవరో "ఏటైందమ్మా" అంటారు. చీటీ రాసే చోట ఇంకోసారి. డాక్టరమ్మ, తర్వాత ఎస్‌ఐ మేడమ్, తర్వాత కౌన్సెలర్, మర్నాడు బాలల సంక్షేమ సమితి, ఆపైన మేజిస్ట్రేట్. నాలుగోసారికి పిల్ల చెప్పేది కుదించేస్తుంది. ఐదోసారికి "ఏమీ లేదు" అంటుంది. అందరూ దాన్ని మాట మార్చడం అంటారు. కాదండీ, అలసట. ఒక పాప నా చెయ్యి పట్టుకుని "వాళ్లకి నువ్వే చెప్పీ" అంది. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

చట్టం కోర్టులోకి వచ్చాక పిల్లని మళ్లీ మళ్లీ పిలవొద్దంటుంది, అది 33వ సెక్షన్. కోర్టుకి ముందు జరిగే ఈ తిప్పట మాటేమిటి? అమెరికాలో అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో 1985లో ఒక ప్రాసిక్యూటర్ మొదలుపెట్టిన పిల్లల సెంటర్ సరిగ్గా ఈ బాధతోనే పుట్టింది. అక్కడ పిల్ల ఒకచోటే ఉంటుంది, పోలీసు, డాక్టరు, లాయరు అందరూ అక్కడికే వస్తారు. శిక్షణ ఉన్న ఒక్కరే వివరంగా అడుగుతారు, మిగతావాళ్లు పక్క గదిలోంచి చూస్తారు. ముందుగా ఫోన్ ఎత్తి, పేర్లు రాసుకుని, ఎవరెవరు ఎప్పుడు రావాలో కుదిర్చే మనిషి వేరు. ఆ మనిషి ఏం జరిగిందని పిల్లని అడగనే అడగదు.

మనకి కావాల్సింది ఆ ఇద్దరి పనుల మధ్య ఉన్న గీత. వచ్చిన గంటలో పిల్లని అడగాల్సినవి నాలుగే: నొప్పి ఎక్కడ, ఆకలేస్తోందా, ఎవరు పక్కనుంటే ధైర్యం, ఇంటికి వెళ్లడానికి భయమా. ఇవి అడగడానికి ఊరి మనిషే మేలు. అసలు సంగతి చెప్పించే ఆ ఒక్కసారికి బయటి మనిషి వచ్చినా పరవాలేదు. వైద్యం మాత్రం ఎవరి కోసమూ ఆగకూడదు. ఎఫ్‌ఐఆర్ లేకపోయినా పరీక్ష చేయొచ్చు, అత్యవసర వైద్యానికి పోలీసు కాగితం అడగకూడదని రూల్స్‌లో ఉంది. అయినా కాగితం ఏదని అడిగేవాళ్లని నేను చూశాను.

మహేంద్రతనయ ఒడ్డు:
సిస్టర్‌గారూ, ఇంత వివరంగా రాసినందుకు మీకు దణ్ణం. గేటు దగ్గర "ఏటైందమ్మా" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ప్రేమతోనే అడిగాను. ఇకపై అడగను.

కానీ ఒకటి ఒప్పుకోలేకపోతున్నాను. మీరు బయటి మనిషికి ఇచ్చేసిన ఆ ఒక్కసారే కదా కాగితం మీదికెక్కేది. "బాబు" ఎవరో తేలాల్సింది అక్కడే.

గుణుపురం నర్సు:
తేలాలంటే అడగాలి. "బాబు అంటే ఎవరమ్మా, పేరేంటి, మీ ఇంట్లోనే ఉంటాడా" అని. మన యాస తెలిసినవాళ్లు తెలిసిపోయింది అనుకుని ఈ ప్రశ్న వేయరు. తెలియనివాళ్లే వేస్తారు. మా వార్డులో ఇది చాలాసార్లు చూశాను.

సిరొంచ మాస్టారు:
ఈ మాట నేనసలు ఆలోచించలేదు సిస్టర్. అయినా గోండి పిల్ల విషయంలో ఇది పని చేయదు. అక్కడ యాస కాదు, భాషే వేరు. మీ దగ్గర సవర పిల్లలకీ అంతే కదా. వాళ్ల భాష వచ్చిన మనిషి అదే కొండ మీద ఉంటాడు, ఇంకెక్కడా దొరకడు. బయటి మనిషే కావాలని రూల్ పెడితే ఆ పిల్లలకి అసలు దుబాసీయే ఉండదు.

బరంపురం అడ్వొకేట్:
మాస్టారూ, అందుకే అందరికీ ఒకే రూల్ వద్దనే దగ్గరికి వస్తున్నాను. గుట్టు మాట మాత్రం వదలను. సిస్టర్ చెప్పిన నాలుగు ప్రశ్నల మనిషికి కూడా పిల్ల పేరు, ఊరు తెలిసిపోతాయి కదా. భయం అక్కడే మొదలవుతుంది.

నేనొకటి అడుగుతాను. దుబాసీ ఎవరో తల్లికీ పిల్లకీ ముందే ఎందుకు చెప్పరు? జిల్లా బాలల రక్షణ యూనిట్ దగ్గర దుబాసీల రిజిస్టర్ ఉండాలి, 2020 రూల్స్‌లో ఐదో రూల్ అది. ఆడమనిషి కావాలా, మగమనిషి కావాలా అన్న పిల్ల ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని కూడా అందులో ఉంది. అదే దారిలో ఇంకో అడుగు వేద్దాం. దుబాసీని గదిలోకి పంపే ముందు పేరు, ఊరు తల్లికి చదివి వినిపించండి. "ఈవిడ వద్దు" అంటే కారణం అడగకుండా పక్కన పెట్టండి. తల్లే అనుమానం ఉన్న ఇంటి మనిషైతే, పిల్ల ధైర్యంగా చెయ్యి పట్టుకున్న వేరే పెద్దవాళ్లని అడగండి. నా దగ్గరికి రెండుసార్లు వచ్చి ఆగిపోయిన ఆ తల్లికి ఈ ఒక్క అవకాశం ఇచ్చి ఉంటే, ఆ కేసు ఇవాళ కోర్టులో ఉండేది.

మహేంద్రతనయ ఒడ్డు:
ఇది చేయొచ్చు. రేపే సెంటర్‌లో చెప్తాను. నా పేరు చదివినప్పుడు ఏ తల్లి అయినా వద్దంటే నేను నొచ్చుకోను, బయట వరండాలో కూడా ఉండను, ఇంటికి వెళ్లిపోతాను.

ఒక్కటే చిక్కు. మా రిజిస్టర్‌లో తెలుగుకి ఉన్నది నేనూ ఇంకొకావిడా. ఇద్దరిదీ ఒకే వీధి. సవరకి ఒక్క పేరూ లేదు.

బరంపురం అడ్వొకేట్:
తెలుగుకి నా పేరు కూడా రాయించండి. వకాల్తా వేసిన కేసుల్లో కూర్చోను, మిగతావాటికి పొద్దున చెప్తే మధ్యాహ్నానికి వస్తాను. "బాబు అంటే ఎవరమ్మా" అని మర్చిపోకుండా అడుగుతాను.

గుణుపురం నర్సు:
సవరకి మా దగ్గర ఒక ఆశా కార్యకర్త ఉంది, ఒడియా బాగా రాస్తుంది. రూల్ ప్రకారం ఆ భాష మాట్లాడే చోట ఉండి నేర్చుకున్నా చాలు, డిగ్రీ అక్కర్లేదు. డబ్బులిస్తారా అని అడుగుతోంది, రోజు కూలి పోతుంది కదా. నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనానికి తగ్గకూడదని రూల్ ఉందని చెప్పాను. దరఖాస్తుతో సోమవారం నేనే తీసుకెళ్తున్నాను.