బంగారు బల్లి గురించి నడకదారి భక్తులకు ఎలా చెప్పాలి?

నమస్కారమండీ. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం మీద జరిగిన పరిశోధనల్ని తిరుమల కొండకు నడిచివెళ్లే భక్తులకు తేలిక తెలుగులో చెప్పాలని మేం కొందరం అనుకుంటున్నాం. మొదట బంగారు బల్లి, అంటే ఈ కొండల రాళ్లలో బతికే పసిడి రంగు అడవి బల్లి. పగలు రాతి నెరియల్లో దాక్కుని రాత్రి తిరుగుతుంది. చాలా బల్లులు కలిసి ఒకే బండకు గుడ్లు అంటిస్తాయి. ఆ బండ మీద ఎవరో పేరు చెక్కితే ఎన్ని గుడ్లు పోతాయో!

చిక్కేమిటంటే, బల్లులుండే చోటు కచ్చితంగా చెబితే వాటిని పట్టుకుపోయేవాళ్లకు దారి చూపినట్టే. ఎర్రచందనంతో శేషాచలం పడ్డ పాట్లు తెలిసినవేగా. ఏది చెప్పాలి, ఏది దాచాలి? కరపత్రాలకూ అటవీశాఖ అనుమతి కావాలా? (చదివి మెట్ల మీదే పడేస్తారనే భయం వేరే ఉంది.) ఇలాంటి పని చేసినవాళ్లెవరైనా ఉంటే, బోర్డు మేలో, కరపత్రం మేలో కాస్త చెబుతారా?