బి.ఆర్.ఎఫ్ తెరిస్తే ఇంగ్లీషు పిచ్చిరాతలు: తెలుగు, ఒడియా రెండూ చదివే పాపకి ఏ సెట్టింగు?

వంశధార_గుణుపురం:
అందరికీ నమస్కారం. బ్రెయిలీలో చదివే ఏడో తరగతి పాపకి తెలుగు, ఒడియా పాఠాలు బి.ఆర్.ఎఫ్ (బ్రెయిలీ చుక్కల) ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లో వచ్చాయి. విండోస్ 10 ల్యాప్‌టాప్, ఎన్‌వీడీఏ (తెరమీది రాతని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్), వేళ్లతో తడిమి చదివే 20 గడుల బ్రెయిలీ డిస్‌ప్లే (యూఎస్‌బీ తీగతో) ఉన్నాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. స్పీచ్ వాటినే గడగడా చదివేస్తోంది. డిస్‌ప్లే మీద కొన్ని అక్షరాలు సరిగ్గానే తగులుతున్నాయి, మధ్యలో పాఠంలో లేని అదనపు చుక్కలు వస్తున్నాయి. అవుట్‌పుట్ టేబుల్ (రాతని చుక్కలుగా మార్చే పట్టిక) తెలుగుకి మారిస్తే ఇంకా చెడింది. పైగా కొన్ని ఫైళ్లు తెలుగువో ఒడియావో నాకే తెలియట్లేదు, పేర్లు వరస నంబర్లే. ఇంట్లో ఆండ్రాయిడ్ టాబ్లెట్ కూడా ఉంది, దాంట్లో అవుతుందా?

నాగావళి_రాయగడ:
తెలుగు టేబుల్ పెట్టడమే తప్పండి. బి.ఆర్.ఎఫ్‌లో తెలుగు లేదు, ఒడియా లేదు, ఉన్నవి చుక్కలే. ఆరు చుక్కలతో 63 ఆకారాలు, ఖాళీ గడితో కలిపి 64. ఒక్కో ఆకారానికి కీబోర్డు మీద ఒక్కో గుర్తు కేటాయించి దాచుకున్న ఫైల్ అది. తెలుగు టేబుల్ ఏం చేస్తుందంటే, ఆ గుర్తుల్ని మామూలు రాత అనుకుని మళ్లీ బ్రెయిలీలోకి మారుస్తుంది. ఉడికిన అన్నాన్ని మళ్లీ ఎసట్లో పోసినట్టు.

"అమ్మ" చూడండి. భారతి బ్రెయిలీలో (మన దేశ భాషల బ్రెయిలీ పద్ధతి) హలంత గుర్తు (4వ చుక్క) హల్లుకి ముందు వస్తుంది. అంటే అ, 4వ చుక్క, మ, మ. ఫైల్‌లో ఇది ఇంగ్లీషు ఎ, తర్వాత @, తర్వాత రెండు ఎంలు. యూఈబీ (ఇంగ్లీషు బ్రెయిలీ పద్ధతి) టేబుల్ ఉంటే ఆ @ ఒక్క గడిలో ఆగదు, 4వ చుక్క గడి, వెంటనే 1వ చుక్క గడి పడతాయి. పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలైతే ముందు 6వ చుక్క కూడా చేరుతుంది. పాప వేలికి తగులుతున్న లేని చుక్కలు ఇవే.

చేయాల్సింది: ఎన్‌వీడీఏ కీ పట్టుకుని ఎన్ నొక్కండి, ప్రిఫరెన్సెస్, సెట్టింగ్స్, బ్రెయిలీ. అవుట్‌పుట్ టేబుల్‌లో "ఇంగ్లీష్ (యూఎస్) 6 డాట్ కంప్యూటర్ బ్రెయిలీ" ఎంచుకోండి. పక్కనే 8 డాట్ ఉంటుంది, పొరపాటున అది పెడితే పెద్దబడి అక్షరాలకీ @ లాంటి కొన్ని గుర్తులకీ 7వ చుక్క అంటుకుంటుంది. కర్సర్ దగ్గరి పదాన్ని కంప్యూటర్ బ్రెయిలీగా విప్పే టిక్ తీసేయండి. కర్సర్ చోట 7, 8 చుక్కలు ఎగరడం మామూలే, అది ఫైల్ దోషం కాదు.

నోట్‌ప్యాడ్‌లో వర్డ్ ర్యాప్ ఆపేయండి. స్పీచ్ కూడా ఆపేయండి, దానికి ఇక్కడ పనిలేదు. చదవడం అయ్యాక టేబుల్ మళ్లీ పాతదానికి మార్చాలి, లేకపోతే మెనూలన్నీ అడ్డదిడ్డంగా వస్తాయి. ఎన్‌వీడీఏలో కాన్ఫిగరేషన్ ప్రొఫైల్ ఒకటి చేసి నోట్‌ప్యాడ్‌కి మాత్రమే తగిలిస్తే ఆ గొడవ తప్పుతుంది.

డిస్‌ప్లే లేకుండా మీరు కంటితో చూసుకోవాలంటే టూల్స్ మెనూలో బ్రెయిలీ వ్యూయర్ ఉంది. చుక్కలు తెరమీద కనిపిస్తాయి.

పర్లాకిమిడి_మాస్టారు:
పైన చెప్పింది సరే. భాష కనిపెట్టే కిటుకు ఒకటి చెప్తాను, మన సరిహద్దులో ఇదే అసలు తంటా. భారతి బ్రెయిలీని 1951లో దేశ భాషలన్నిటికీ ఒకే పద్ధతిగా ఒప్పుకున్నారు, కాబట్టి తెలుగు "నగర" అన్నా, ఒడియా "నగర" అన్నా ఫైల్‌లో ఎన్, జి, ఆర్ అనే మూడు గుర్తులే. ఫైల్ ఏ భాషదో లోపల ఎక్కడా రాసి ఉండదు.

తేడా హ్రస్వాల్లో దొరుకుతుంది. తెలుగులో ఎ, ఒ హ్రస్వాలకి వేరే గడులున్నాయి: ఎ కి 2, 6 చుక్కలు, ఒ కి 1, 3, 4, 6. ఫైల్‌లో ఇవి అంకె 5, ఇంగ్లీషు ఎక్స్. ఒడియాకి ఈ రెండు అచ్చులూ లేవు. "తెలుగు" అన్న మాట టి, 5, ఎల్, యు, జి, యు గా ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్ ఎఫ్ కొట్టి 5, ఎక్స్ రెండూ వెతకండి, పదాల మధ్యలో రెండూ పదేపదే తగిలితే తెలుగే. అసలైన అంకెలతో గందరగోళం ఉండదు, బ్రెయిలీలో అంకెలు # తర్వాత ఎ నుంచి జె వరకు అక్షరాలుగానే వస్తాయి.

ఫైల్‌ని వర్డ్‌లో మాత్రం దిద్దకండి బాబూ. అక్కడ మీరు టైపు చేసే నిటారు కోట్‌ని వంపు కోట్‌గా, రెండు హైఫన్లని పొడుగు గీతగా వర్డ్ మార్చేస్తుంది. నిటారు డబుల్ కోట్ అంటే 5వ చుక్క, సింగిల్ అయితే 3వ చుక్క. వంపుది ఆ 64లో లేదు కాబట్టి ఆ గడి పోయినట్టే. ఇలా చెడిన ఫైళ్లు చేతులు మారుతూ తిరుగుతుంటాయి, తప్పు డిస్‌ప్లే మీదకి నెడతారు.

వంశధార_గుణుపురం:
6 డాట్ పెట్టాక అక్షరాలు కుదిరాయి, చాలా థాంక్స్. కానీ పేజీ మొదట్లో, చివర్లో డిస్‌ప్లే మొత్తం ఖాళీగా వస్తోంది. పాప పాఠం అయిపోయిందనుకుని ఆగిపోతోంది.

నాగావళి_రాయగడ:
ఫైల్‌ని ఎంబాసర్ (కాగితం మీద చుక్కలు పొడిచే బ్రెయిలీ ప్రింటర్) కోసం కొట్టారు. మామూలుగా వరసకి 40 గడులు, పేజీకి 25 వరసలు. మీ డిస్‌ప్లే 20. పేజీ నంబరు వరసకి కుడి కొసన ఉంటే మొదటి 20 గడులూ ఖాళీయే, ఇంకోసారి ముందుకి నొక్కితే నంబరు వస్తుంది. నడిమధ్యకి జరిపిన శీర్షికకీ అంతే. ఒక కాపీ చేసుకుని, శీర్షికల ముందున్న ఖాళీలు రెండుకి తగ్గించండి, నంబరు వరసల్ని ఎడమకి లాగండి. పద్యాలు, లెక్కల జోలికి వెళ్లకండి, అక్కడ ఖాళీలకీ అర్థం ఉంటుంది.

టాబ్లెట్ సంగతి: టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్‌లో తెర చదివేది) కూడా తన టేబుల్‌తో మార్చేస్తుంది కాబట్టి అదే రోగం. మీ డిస్‌ప్లే ఆర్బిట్ రీడర్ 20 లాంటిదైతే ఫైల్‌ని ఎస్‌డీ కార్డులో వేసి నేరుగా చదువుకోవచ్చు, మధ్యలో టాబ్లెట్ ఎందుకు? కార్డులో వేసేముందు ఫైల్ పేరు చివర దాగున్న "టీఎక్స్‌టీ" ఉందేమో చూడండి, విండోస్ ఎక్స్‌టెన్షన్లు దాచేస్తుంది. ఐప్యాడ్ ఉన్నవాళ్లకి ఐప్యాడ్ ఓఎస్ 26లో బ్రెయిలీ యాక్సెస్ అనే సదుపాయం బి.ఆర్.ఎఫ్‌ని సూటిగా తెరుస్తుంది.

ఒక్కమాట. అదే పాఠం యూనికోడ్ తెలుగులోనో ఈపబ్‌గానో దొరికితే బి.ఆర్.ఎఫ్ పక్కన పెట్టేయండి. అప్పుడు తెలుగు టేబుల్ పెట్టడమే రైటు, వరసలు 20కి వాటంతటవే సర్దుకుంటాయి, స్పీచ్ కూడా పలుకుతుంది.

వంశధార_గుణుపురం:
ఖాళీలు తగ్గించాం, ఆగట్లేదు ఇప్పుడు. ఒడియా అనుకుని పక్కన పెట్టిన మూడో ఫైల్ నిండా 5లూ ఎక్స్‌లే. పేరు మార్చి తెలుగు ఫోల్డర్‌లో వేశాను.