చెవి కింద గడ్డ: పెరోటిడ్ (చెవి దగ్గరి లాలాజల గ్రంథి) ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఉన్నారా?

అంబాజీపేట అబ్బాయి: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఎడమ చెవి తమ్మె కింద ఉసిరికాయంత గడ్డ, మూడేళ్ల నుంచీ ఉంది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాం, మొదట్లో గవదబిళ్ళ అనుకుని పసుపు పట్టు కూడా వేశాం. ఈమధ్య పెరిగిందని అమలాపురం తీసుకెళ్తే స్కానింగ్ తీసి, సన్న సూదితో కణాలు లాగి టెస్టుకి పంపారు. ప్లియోమార్ఫిక్ ఎడినోమా అట, క్యాన్సర్ కాదట, అయినా ఆపరేషన్ చేయాలంటున్నారు. మూతి వంకర పోతుందని మా మేనత్త ఒకటే ఏడుపు. క్యాన్సర్ కానప్పుడు కోత ఎందుకండీ?

భీమవరం చెరువుగట్టు: వదిలేయకండి బాబూ. నాకు మొదటిసారి ఒకాయన చిన్న కోత పెట్టి గడ్డ ఒక్కటీ ఒలిచేశారు, హమ్మయ్య అనుకున్నా. ఆరేళ్లకి అక్కడే పూసల్లా నాలుగైదు లేచాయి. రెండోసారి పాత మచ్చలో మూతిని కదిలించే ముఖం నరం వెతకడానికి ఆపరేషన్ గంటలు గంటలు పట్టింది. మీవాళ్లని ముందే అడగండి, గడ్డ ఒక్కటే తీస్తారా, చుట్టూ గ్రంథి కూడా కలిపి తీస్తారా అని.

కాకినాడ ఈఎన్‌టీ పీజీ: ఆయన చెప్పింది నిజం. ఈ గడ్డ పైపొర అన్నిచోట్లా గట్టిగా ఉండదు, ఒలిస్తే కణాలు మిగిలిపోతాయి. ఏళ్ల తరబడి వదిలేస్తే కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది కూడా. ఇక నరం సంగతి: ధవళేశ్వరం దాటాక గోదారి గౌతమి, వశిష్టగా చీలి ఆపైన పాయలైనట్టు, ముఖం నరం కూడా ఈ గ్రంథిలోకి వచ్చి ముందు రెండుగా, తర్వాత ఐదు కొమ్మలుగా విడిపోతుంది. సర్జన్ ముందు ఆ మొదలు పట్టుకుని, కొమ్మల్ని కాపాడుకుంటూ వాటి పైనున్న గ్రంథి భాగాన్ని గడ్డతో సహా తీస్తారు. కొన్ని వారాలో నెలలో కన్ను సరిగా మూతపడకపోవచ్చు, ఎక్కువమందికి అది తాత్కాలికమే. కానీ ఆపరేషన్‌కి ముందే మూతి వంకర, నొప్పి, గడ్డ గబగబా పెరగడం ఉంటే మాత్రం అనుమానించాలి. అన్నట్టు, నాన్నగారు చుట్ట తాగుతారా? పొగ తాగేవాళ్లలో వార్తిన్ ట్యూమర్ అని క్యాన్సర్ కాని ఇంకో రకం గడ్డ ఉంటుంది.

అంబాజీపేట అబ్బాయి: తాగుతారు, అదీ అడ్డపొగ, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. అయితే సూది రిపోర్టు తప్పా?

కాకినాడ ఈఎన్‌టీ పీజీ: అలా అనలేదండీ. సూది పరీక్ష చాలావరకు దారి చూపిస్తుంది, చివరి మాట మాత్రం తీసిన గడ్డ బయాప్సీదే.

పాలకొల్లు వదిన: నాకైతే మూతికి ఏం కాలేదు. చెవి తమ్మె మొద్దుబారిపోయింది, దిద్దు జారిపోయినా తెలిసేది కాదు, అలా ఒకటి పోగొట్టుకున్నా కూడా. ఇంకో విచిత్రం, ఏడాది తర్వాత ఆవకాయ అన్నం తింటుంటే ఆ చెంప ఒక్కటే చెమట! ఉక్కపోత అనుకున్నా. లాలాజలం నరాలు చెమట గ్రంథులకి అతుక్కుంటాయట, ఫ్రే సిండ్రోమ్ అంటారట. ఆవకాయ మానలేదు, పక్కన రుమాలు పెట్టుకుంటా.

రాజోలు రైతు: నాకు దవడ కింద, అన్నం తినేటప్పుడే ఉబ్బి తర్వాత తగ్గుతుంది. ఇదీ అదేనా?

కాకినాడ ఈఎన్‌టీ పీజీ: అలా వస్తూపోతూ ఉంటే తరచుగా లాలాజలం వచ్చే గొట్టంలో రాయి ఉంటుంది. అయినా స్కానింగ్ చేయించండి. దవడ కింది గ్రంథిలో తగ్గని గడ్డ ఉంటే, క్యాన్సర్ అయ్యే అవకాశం చెవి దగ్గర దానికంటే ఎక్కువ.

అంబాజీపేట అబ్బాయి: సోమవారం ఎమ్మారై. మేనత్తకి గౌతమి, వశిష్ట కథ చెప్పాను. "సరే, ఆ డాక్టరుకి పాయలన్నీ తెలుసేమో కనుక్కో" అంది.