మలావీ క్యాష్‌గేట్: ఖజానాకి కన్నం పడితే సాయం ఆపడమే మందా?

పద్దులపుస్తకం:
2013 సెప్టెంబరులో ఆఫ్రికా దేశం మలావీ రాజధాని లిలోంగ్వేలో ఒక ప్రభుత్వ గుమస్తా దగ్గర కట్టలకొద్దీ నోట్లు దొరికాయి. అదే నెల 13న ఆర్థికశాఖ బడ్జెట్ డైరెక్టర్ పాల్ ఎంఫ్వియోని ఆయన ఇంటి గేటు దగ్గరే కాల్చారు, ప్రాణం దక్కింది. అక్కడినుంచి క్యాష్‌గేట్ అనే ఈ ఖజానా దోపిడీ డొంకంతా కదిలింది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు నెలల లెక్కలు తవ్విన బేకర్ టిల్లీ అనే ఆడిట్ సంస్థకి తేడా కనిపించింది సుమారు 1,360 కోట్ల క్వాచాలు (క్వాచా అక్కడి కరెన్సీ), అంటే 3 కోట్ల డాలర్ల పైచిలుకు. నవంబరుకల్లా దాతలు, అంటే సాయం చేసే విదేశాలూ సంస్థలూ, నేరుగా ఖజానాకి ఇచ్చే బడ్జెట్ సాయం సుమారు 15 కోట్ల డాలర్లు ఆపేశారు. అప్పట్లో బడ్జెట్‌లో 40 శాతం దాకా వాళ్ల డబ్బే. పోయింది మూడు, ఆపింది పదిహేను. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడం కాదా ఇది?

స్క్రోలుబాబాయ్:
ఆ పోలిక ఒప్పుకోను. ముందు కన్నం ఎలా పడిందో చూడండి.

మామూలుగా ఒక శాఖకి ఖర్చు పరిమితి విడుదలవుతుంది, వోచరు తయారవుతుంది, దాన్ని ఇఫ్మిస్ అనే కంప్యూటర్ పద్దులో ఎక్కిస్తారు, చెక్కు అచ్చవుతుంది, మలావీ రిజర్వ్ బ్యాంక్‌లోని ప్రభుత్వ ఖాతా నుంచి డబ్బు పోతుంది. దొంగలు చేసిందల్లా ఇదే: సరుకూ సేవా ఏమీ లేని కంపెనీ పేర చెక్కు తీయడం, మార్చుకోవడం, తర్వాత ఇఫ్మిస్‌లో ఆ ఎంట్రీని చెరిపేయడం. చెరిపేస్తే ఆ శాఖ పద్దులో డబ్బు ఇంకా ఉన్నట్టే కనిపిస్తుంది, దాని మీద మళ్లీ చెక్కు తీయొచ్చు. పద్దులో జాడ లేదు గానీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చెక్కు నంబరు భేషుగ్గా ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి టిక్కులు కొడితే నెల తిరక్కుండానే దొరికేది. మన ట్రెజరీల్లో బ్యాంకు స్క్రోలుతో, అంటే బ్యాంకు పంపే చెల్లింపుల జాబితాతో, వోచర్లు సరిచూసేవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అక్కడ ఆ సరిచూడ్డమే జరగలేదు. అడుగు లేని కుండలో ఇంకో 15 కోట్లు పోయమంటారా?

నల్లరేగడి:
బాబాయ్ గారూ, చెక్కుల సంగతి బాగా చెప్పారు. కానీ నెల చూడండి, నవంబరు!

మలావీకి డాలర్లు తెచ్చే పెద్ద పంట పొగాకు. వేలం ఏప్రిల్ ప్రాంతంలో మొదలై చలికాలంతో ముగుస్తుంది. (అక్కడ చలికాలం అంటే జూన్, జులై.) అక్టోబరు నుంచి మార్చి దాకా ఎగుమతుల డాలర్లు ఎండిపోతాయి. సరిగ్గా అప్పుడే ఎరువులు దిగుమతి చేసుకోవాలి, పల్లెల్లో ఇళ్లలో మొక్కజొన్న అడుగంటుతుంది. అప్పట్లో ఆ ఎండుకాలాన్ని దాటించింది దాతల డాలర్లే. 2005లో మొదలైన ఎరువుల సబ్సిడీ పథకంలో పేదరైతుకి కూపన్ మీద రెండు బస్తాలు వచ్చేవి, ఎన్‌పీకే 50 కిలోలు, యూరియా 50 కిలోలు. ఎన్‌పీకే నాటేటప్పుడే పడాలి, యూరియా మొక్క మోకాలెత్తు వచ్చాక. ఓడ మూడు వారాలు ఆలస్యమైతే బస్తా వచ్చీ రానట్టే.

2012 మేలో అప్పటి అధ్యక్షురాలు జాయిస్ బండా క్వాచా విలువ తగ్గించినప్పుడు డాలరు 167 క్వాచాల నుంచి 250కి ఎగిరింది. సాయం ఆగాక 400 దాటింది. రిజర్వ్ బ్యాంక్ వడ్డీరేటు అప్పటికే 25 శాతం. ఆ వడ్డీకి ప్రభుత్వమే స్థానిక బ్యాంకుల్లో అప్పుకి దిగింది. దొంగలు మింగినదాని కంటే ఆ వడ్డీల భారమే ఎక్కువకాలం మోయాల్సి వచ్చింది.

తీగలాగు:
ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి. ఆ ఆడిట్‌కి డబ్బు పెట్టింది బ్రిటన్. దాతలు గొంతు మీద కూర్చోకపోతే బేకర్ టిల్లీ లిలోంగ్వేలో అడుగుపెట్టేదా? వ్యాపారి ఓస్వాల్డ్ లుటెపోకి 2015లో 11 ఏళ్ల శిక్ష పడేదా? ఆరు నెలలే కదా అంటారేమో, ఆ తర్వాత 2009 నుంచి 2014 దాకా లెక్కలు చూస్తే పొంతన కుదరనిది 23,600 కోట్ల క్వాచాలు తేలింది. అందులో అంతా దొంగతనం కాదు, కాగితాలు లేనిదీ ఉంది. కాకపోతే కాగితం లేని చోటే కదా దొంగకి సందు.

నల్లరేగడి:
ఒత్తిడి పనిచేసిందనే అనుకుందాం. 2011 జులైలోనూ బ్రిటన్ బడ్జెట్ సాయం ఆపింది. అప్పుడు కారణం వేరు, బండాకి ముందు అధ్యక్షుడైన బింగు వా ముతారికా ప్రభుత్వం బ్రిటిష్ హైకమిషనర్‌ని వెళ్లగొట్టిన గొడవ, పాలన తీరు. పెట్రోలు బంకుల దగ్గర బారులు. బండా రాగానే కుళాయి విప్పారు, ఏడాదిన్నరకి మళ్లీ కట్టారు. మూడేళ్లలో రెండుసార్లు! ఇలాగైతే ఏ ఆర్థికమంత్రి అయినా వచ్చే ఏడాది బడ్జెట్ ఏ అంకె మీద వేసుకుంటాడు?

పద్దులపుస్తకం:
బాబాయ్ గారి చెక్కుల వివరం చూశాక నా ఎలుకల పోలిక కొంచెం తగ్గించుకుంటాను. అయినా మొత్తం ఆపడం కాదు, మూడు నెలలకో వాయిదా ఇవ్వండి. ముందు నెలల బ్యాంకు సరిచూపు పట్టిక బల్ల మీద పెడితేనే తర్వాతి వాయిదా. ఎంట్రీ చెరిపే అధికారం ఒక్కరి పాస్‌వర్డ్‌తో ఉండకూడదు, ఇద్దరు కలిస్తేనే జరగాలి. చెరిపినా జాడ మిగలాలి. సాయాన్ని ప్రభుత్వం పక్కనుంచి ఎన్జీవోలకి మళ్లిస్తే మాత్రం మొదటికే మోసం. మందుల పెట్టె నేరుగా ఆస్పత్రికి చేరుతుంది, దాన్ని తెరిచే నర్సు జీతం మాత్రం ఆ ఖజానా నుంచే రావాలి.

స్క్రోలుబాబాయ్:
షరతు బాగుంది. మరి ఆ పట్టిక రాసేదెవరండీ? ఇఫ్మిస్ తెలిసిన అకౌంటెంటుకి దాతల ప్రాజెక్టు ఆఫీసు ప్రభుత్వం కంటే ఎన్నో రెట్ల జీతం ఇచ్చి తీసుకుపోతుంది. మిగిలినవాళ్లు మంగోచిలో సరస్సు ఒడ్డున వర్క్‌షాపులకి వెళ్తే వచ్చే రోజుభత్యం మీద కళ్లు పెట్టుకుని ఉంటారు, నెలాఖరున టిక్కులు కొట్టే కుర్చీ ఖాళీ. ముందు ఆ కుర్చీ జీతం సంగతి తేల్చండి, వాయిదాల మాట తర్వాత చూద్దాం.