బ్యాండ్ వాళ్ళు మా క్వయర్‌ని స్టేజీ మీదకి పిలిచారు, వెళ్ళాలా?

మారతహళ్ళి_మంద్రం:
అందరికీ నమస్తే. బెంగళూర్లో రెండున్నరేళ్ళుగా చిన్న క్వయర్ (బృందగానం గుంపు) నడుపుతున్నా, 18 మందిమి, అందరం ఆఫీసులకెళ్ళే వాళ్ళమే, ఆదివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ప్రాక్టీసు (8 దాటితే సెక్యూరిటీ అన్న గుమ్మం దగ్గర నిలబడి దగ్గడం మొదలెడతాడు). తెలుగు, కన్నడ పాటలకి పార్టులు (ఏ గొంతు ఏ స్వరాలు పాడాలో) నేనే రాస్తా. సోప్రానో, ఆల్టోలకి (ఆడవాళ్ళ పై గొంతు, కింది గొంతు) మనుషులు బోలెడు, టెనర్లు (మగవాళ్ళ పై గొంతు) నలుగురు, బేస్ (అన్నిటికంటే కింది గొంతు) ఒక్కడే, వాడికి జలుబు చేస్తే ఆ వారం పాటకి అడుగు ఉండదు. ఇప్పుడు ఇక్కడ బాగా పేరున్న బ్యాండ్ ఒకటి మూడు పాటలకి వెనక పాడమని అడిగింది, డబ్బు సంగతి ఎత్తితే "ఎక్స్‌పోజర్ వస్తుంది కదా మేడం" అన్నారు. మావాళ్ళు గాల్లో తేలుతున్నారు, నాకేమో అక్కడికెళ్ళి ఊ.. ఆ.. అనే కోరస్ అయిపోతామేమో అని. ఇంకోటి, సగం మంది కర్ణాటక సంగీతం నేర్చుకున్నోళ్ళు, గమకం (స్వరాన్ని ఊపుతూ పాడటం) ఆపమంటే మొహం మాడ్చుకుంటారు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

అడయార్_ఆల్టో:
వెళ్ళమ్మా, కానీ మొదటి ఫోన్లోనే ఒకటి అడుగు, పార్టులు ఎవరు రాస్తున్నారు అని. వాళ్ళ కీబోర్డ్ అబ్బాయి రాస్తే నువ్వు మనుషుల్ని సప్లై చేసినట్టే, నువ్వు రాస్తే అది మీ క్వయర్ పాట. చెన్నైలో పదేళ్ళుగా చూస్తున్నా, తేడా అంతా అక్కడే. లండన్‌లో లండన్ కాంటెంపరరీ వాయిసెస్ అని ఉంది, 2010లో ఇమోజెన్ హీప్ అనే ఇంగ్లీష్ సింగర్ రాయల్ ఆల్బర్ట్ హాల్ షో కోసం పోగైన గుంపే అది, ఆ షోతో ఇంటికి పోకుండా క్వయర్‌గా నిలబడి వేరే ఆర్టిస్టులతో కూడా పాడుతూ వచ్చింది. పెద్దవాళ్ళ పక్కన పాడితే చిన్నబోతాం అనేమీ లేదు. మన దగ్గరే ఎం.బి. శ్రీనివాసన్ గారు, పుట్టింది మన చిత్తూరే, మలయాళం సినిమాలకి మ్యూజిక్ చేస్తూనే ఇక్కడ మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి మామూలు కుర్రాళ్ళ చేత మన భాషల పాటలు హార్మనీలో (వేర్వేరు స్వరాలు ఒకేసారి కలిపి) పాడించారు.

గమకం సంగతి. లీడ్ సింగర్‌కి వదిలెయ్, క్వయర్ స్వరం ఊపకుండా నిలకడగా పట్టాలి, 18 గొంతులు తలో ఊపు ఊపితే కార్డ్ (కలిసి మోగే స్వరాలు) కాస్తా జావైపోతుంది. మరీ అలిగితే ఒకచోట అందరూ ఒకే లైన్ గమకంతో పాడి, కింద టెనరూ బేసూ సా పా పట్టుకుంటే సరి, బ్యాండ్ వాళ్ళకీ కొత్తగా ఉంటుంది.

ఇంకా తెలుగు మాట! లఘువు (పొట్టి అక్షరం) మీద నాలుగు బీట్లు లాగకు, "కల" కాస్తా "కాల" అవుతుంది, ముందు వరసలో వాళ్ళు అదే వింటారు. లాగాలంటే గురువు (పొడుగు అక్షరం) మీద లాగు, లేదా మాట చివర అచ్చు మీద లాగు, మన మాటలు చాలామటుకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి అక్కడ గొంతులు తేలిగ్గా కలుస్తాయి. అందరి నోరూ ఒకేలా తెరుచుకోవాలంతే.

ఫేడర్_బాబు:
నేను లైవ్ సౌండ్ చేస్తా. అక్కా, మిమ్మల్ని డ్రమ్స్ ముందు నిలబెడతామంటే అస్సలు ఒప్పుకోకండి. నాలుగైదుగురికి ఒక కండెన్సర్ మైక్ పెడతారు, ఆ మైక్ మీ గొంతుకంటే వెనకున్న డ్రమ్స్ తాళాల మోతే ఎక్కువ పీల్చుకుంటుంది, గెయిన్ (మైక్ పట్టే శబ్దం) పెంచితే ఫీడ్‌బ్యాక్ (స్పీకర్లో కీచుమనే మోత), మేమేమో గుట్టుగా మిమ్మల్ని తగ్గించేస్తాం, నిజం చెప్తున్నా. డ్రమ్స్ ఒక మూల, మీరు ఇంకో మూల, పార్టుకి ఒకరి చేతిలో మైక్. క్లిక్ ట్రాక్ (లయ కోసం చెవిలో వినిపించే టిక్ టిక్) ఉంటే మీ ఒక్కరి చెవిలో చాలు, మిగతావాళ్ళు మీ చెయ్యి చూస్తారు. సౌండ్‌చెక్‌లో మీకంటూ టైం రాయించుకోండి, లేకపోతే గిటార్ వాళ్ళే మొత్తం తినేస్తారు.

గీతం_దాటలేదు:
డబ్బు లేకుండా పోవద్దండీ. మేం ఒకళ్ళకి ఊరికే పాడాం, వీడియో వచ్చింది, కింద లైట్‌బాయ్ దాకా పేర్లున్నాయి మా పేరు లేదు, తర్వాత షోలో మేం రాసిన పార్టులే వేరే గుంపు పాడింది. అడిగితే పాట మాదే కదా అన్నారు. పాట వాళ్ళదే, కాదనను, కానీ ముందే కాగితం మీద రాసుకుంటే ఆ మాట వచ్చేది కాదు. పేరు ఎక్కడ ఎలా వేస్తారు, రికార్డ్ చేస్తే ఏంటి, పార్టులు మళ్ళీ వాడితే ఏంటి, ఈ మూడూ రాయించండి. కాపీరైట్ చట్టంలో పాడినవాళ్ళకీ హక్కులున్నాయి, 2012 సవరణలో ఇంకాస్త గట్టిపడ్డాయి కూడా. ఆటో ఖర్చులు, రిహార్సల్ రూం అద్దె అయినా అడగండి, సిగ్గేముంది.

అడయార్_ఆల్టో:
గీతం_దాటలేదు తమ్ముడు కాగితం గురించి చెప్పింది నిజం. ఇంకోటి మర్చిపోయా, శ్రుతి కూడా ఆ కాగితంలోనే రాయించు. మాకు చివరి వారంలో సింగర్ గొంతు బాగుందని రెండు శ్రుతి నుంచి నాలుగుకి ఎక్కించారు, సోప్రానోలు షో అయ్యేసరికి మాట రాక సైగలు చేసుకున్నారు. వాళ్ళు ఇ మేజర్ అంటారు, మీవాళ్ళకి అది మూడు శ్రుతి అని విడమరిచి చెప్పుకోవాలి, లేకపోతే తంబూరా యాప్ ఒకటి, కీబోర్డ్ ఇంకొకటి. అసలు సింగర్‌తో ఒక్క రిహార్సల్ అయినా లేనిదే స్టేజీ ఎక్కకండి, ట్రాక్ పంపిస్తాం ప్రాక్టీస్ చేస్కోండి అంటే నమ్మకు.

మారతహళ్ళి_మంద్రం:
థాంక్యూ అందరికీ. నిన్న మాట్లాడా. మూడింట్లో రెండు పాటలకి పార్టులు నేనే రాస్తానన్నా, ఒప్పుకున్నారు, మధ్యలో వాయిద్యాలు ఆపేసి క్వయర్ ఒక్కటే ఒక చరణం పాడతామంటే డ్రమ్మర్ కాస్త నసిగాడు గానీ సింగర్‌కి నచ్చింది. రిహార్సల్ ఖర్చులు ఇస్తారట, పేరు పోస్టర్ మీద వేస్తారట, మెయిల్లో రాసి పంపమన్నా, ఇంకా రాలేదు, వచ్చేదాకా మావాళ్ళకి చెప్పట్లేదు. ఫేడర్_బాబు, ఆ రోజు నువ్వు ఖాళీనా? ఇంకా బేస్ పాడేవాళ్ళు ఎవరైనా బెంగళూర్లో ఉంటే చెప్పండి బాబూ, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపైతే నేనే కార్లో ఎక్కించుకొస్తా.