లైనక్స్‌లో కాటా సాఫ్ట్‌వేర్: అంతా ఓపెన్ అవుతంది, బరువు మాత్రం సున్నా

పలాస_కాటా:
అన్నలూ, మాది పలాస దగ్గర వేబ్రిడ్జి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు అయిపోయింది, మా పాత సిస్టమ్‌లో టిపిఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదు కాబట్టి 11 ఎక్కదు, అందుకని లైనక్స్ మింట్ 21 వేసి కాటా సాఫ్ట్‌వేర్ని వైన్‌లో (విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్స్‌లో నడిపేది) పెట్టాం. వైన్‌ట్రిక్స్‌తో దానికి కావలసిన విబి6 (పాత విజువల్ బేసిక్) రన్‌టైమూ, డేటాబేస్ కోసం జెట్ 40యూ వేసాక ఓపెన్ అయింది, పాత రికార్డులు కూడా కనబడతన్నాయి. కానీ లారీ ఎక్కినా బరువు గడిలో సున్నా కదలట్లేదు, ఇండికేటర్ మీదేమో 14260 అని చక్కగా చూపిస్తంది. సీరియల్ కేబుల్‌కి యుఎస్‌బి కన్వర్టర్ తగిలించి ఉంది. జీడిపిక్కల సీజను, చేత్తో చీటీ రాసిస్తే రైతు ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడం న్యాయమే కూడా. ఏటి చెయ్యాలి?

బొబ్బిలి_సిస్టమ్స్:
వైన్ సంగతి తర్వాత, ముందు ఆ కన్వర్టర్ లైనక్స్‌కి కనబడతందా లేదా చూడు తమ్ముడూ. తీసి మళ్ళీ గుచ్చి కెర్నల్ లాగ్ (సిస్టమ్ రాసుకునే చిట్టా) చూడు. కన్వర్టర్లో ఉన్నది సిహెచ్340 చిప్ అయితే మింట్ 21లో ఓ చిక్కుంది, బిఆర్ఎల్‌టిటివై అని బ్రెయిలీ పరికరాల కోసం ఓ ప్రోగ్రాము ఉంటాది, ఐడీ కలవడం వల్ల నీ కన్వర్టర్ని తనదనుకుని లాగేసుకుంటాది. టిటివైయుఎస్‌బి0 (కన్వర్టర్‌కి లైనక్స్ పెట్టే పోర్టు పేరు) అని వచ్చి వెంటనే డిస్‌కనెక్ట్ అని పడితే అదే. మీ దగ్గర బ్రెయిలీ వాడేవాళ్ళు లేకపోతే ఆ ప్యాకేజీ తీసేయ్.

పలాస_కాటా:
అచ్చం అలాగే పడింది అన్నా. తీసేసాక పోర్టు నిలబడింది. గడిలో ఇంకా సున్నాయే.

రాజాం_రవ్వంత:
అసలు ముడి ఇక్కడుంది బాబూ. వైన్ సీరియల్ పోర్టులన్నిటికీ తనే నంబర్లు ఇచ్చుకుంటాది, లైనక్స్‌లో మామూలు సీరియల్ పోర్టుల పేర్లు టిటివైఎస్0 నుంచి 31 దాకా ఉన్నవి ముందు వరసలో కూర్చుంటాయి, అందుకే యుఎస్‌బి కన్వర్టర్‌కి చాలాసార్లు కామ్33 వస్తాది. విబి6లో రాసిన కాటా సాఫ్ట్‌వేర్లు సీరియల్ పోర్టు చదవడానికి ఎక్కువగా ఎంఎస్‌కామ్ కంట్రోల్ వాడతాయి, దానికి 16 దాటిన పోర్టు తెలీదు. నీ సెట్టింగ్స్‌లో కామ్1 అనే ఉండుంటాది, అక్కడ ఏ వైరూ లేదు, మరి బరువెలా వస్తాది?

వైన్ రెజిస్ట్రీ ఎడిటర్ తెరువు. లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, వైన్, పోర్ట్స్. అందులో కామ్1 అని స్ట్రింగ్ పెట్టి విలువలో టిటివైయుఎస్‌బి0 పూర్తి పాత్ రాయి. తర్వాత వైన్‌సర్వర్ని పూర్తిగా ఆపి మళ్ళీ మొదలెట్టాలి, ప్రోగ్రాము కిటికీ మూస్తే సరిపోదు. నీ యూజరు సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో లేకపోతే చేర్చి లాగౌట్ అయి రా. పర్మిషన్ రాలేదని సుడోతో (అడ్మిన్ హక్కుతో) మాత్రం వైన్ నడపొద్దు, ఫైళ్ళు రూట్ పేరు మీదకి పోయి రేపు మామూలుగా తెరిస్తే తెరుచుకోవు.

పలాస_కాటా:
వచ్చింది అన్నా!! ముందు పిచ్చి గుర్తులు వచ్చాయి, బాడ్ రేటు (డేటా పంపే వేగం) ఇండికేటర్లో ఉన్నట్టే 2400 పెట్టగానే ఇండికేటర్లో ఏ అంకె ఉందో గడిలోనూ అదే, లారీ దిగుతుంటే రెండూ కలిసే దిగుతన్నాయి. మా మేస్త్రి కూడా వచ్చి చూసాడు. చీటీ ప్రింటు సంగతేటి, పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, సాఫ్ట్‌వేర్ నేరుగా ఎల్‌పిటి1 ప్రింటర్ పోర్టుకే పంపుతాది.

రాజాం_రవ్వంత:
అదే పోర్ట్స్ కీలో ఎల్‌పిటి1 అని ఇంకో స్ట్రింగ్, ప్రింటర్ యుఎస్‌బి అయితే దాని ఎల్‌పి0 పాత్. ప్రింటర్ అనుమతికి నీ యూజరు చేరాల్సిన గ్రూపు పేరు ఎల్‌పి.

విజీనారం_లైనక్స్:
మా దగ్గర కాటా సాఫ్ట్‌వేర్‌కి డాంగిల్ (యుఎస్‌బిలో గుచ్చే లైసెన్స్ తాళం) ఉంది, వైన్‌లో డాంగిల్ దొరకలేదంటంది. దారి ఉందా గురువుగారూ?

బొబ్బిలి_సిస్టమ్స్:
చాలా డాంగిల్స్‌కి విండోస్ కెర్నల్ డ్రైవర్ కావాలి, వైన్ అలాంటి హార్డ్‌వేర్ డ్రైవర్లని మామూలుగా నడపలేదు, దానితో కుస్తీ పడొద్దు. వర్చువల్ బాక్స్‌లో (లైనక్స్ లోపల ఇంకో కంప్యూటర్లా నడిచేది) విండోస్ వేసి డాంగిలూ కన్వర్టరూ రెండూ నేరుగా ఆ విండోస్‌కి అందేలా యుఎస్‌బి పాస్‌త్రూ ఇవ్వు, దానికి లైనక్స్‌లో నీ యూజరు విబాక్స్‌యూజర్స్ గ్రూపులో ఉండాలి. ఆ విండోస్‌కి నెట్ కనెక్షన్ తీసేసి ఉంచు, కాటాకి నెట్‌తో పని లేదు కదా. ర్యామ్ ఎంత ఉందో చెప్పు, దాన్ని బట్టి ఏ విండోస్ వెయ్యాలో చూద్దాం.